రావమ్మ గారి మజ్జిగ

పోయినవారం మనం ఎలిజబెత్‌నీ సంజీవరావునీ రెండు గాజు గ్లాసుల ముందు నిలబెట్టి వచ్చేశాం. వన్ టౌన్‌లో, కింది గోడౌన్ల నుంచి మిరపకాయల ఘాటు మెట్లెక్కి వచ్చే ఒంటిగది అది. పెళ్లయి ఆరు వారాలు నిండలేదు. ఇంట్లో ఉన్న గాజు గ్లాసులే నాలుగు. అందులో రెండింటిని కొత్త పెళ్లికూతురు చేపల పొడికి అప్పజెప్పింది.

సంజీవరావుది తిరుపతిరావు గారి దాణా కొట్టులో మేత కలిపించే పని. నూకలు ఇంత, తవుడు ఇంత, వేరుశనగ చెక్క ఇంత, చేపల పొడి పది పాళ్లు, గుల్ల పొడి, ఎముకల పొడి, చివర వంద కిలోలకి అరకిలో ఉప్పు. ఆ లెక్క అతను పుస్తకాలు తిరగేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కొట్లో గోడకి అంటించుకున్నాడు. రెండేళ్లుగా ఆ కాగితం మారలేదు. ఈలోగా పామర్రు నుంచి కబురొచ్చింది, ఆ మేత తిన్న కోడిపిల్లలు చచ్చిపోతున్నాయని.

అప్పుడు ఎలిజబెత్‌కి తన బీఎస్సీ కెమిస్ట్రీ గుర్తొచ్చింది. కాలేజీ లాబ్ అటెండర్ని బతిమాలి చిన్న నల్ల సీసాలో సిల్వర్ నైట్రేట్ తెచ్చుకుంది. బ్యాటరీల షాపులో డిస్టిల్డ్ వాటర్ కొనిపించింది. ఏప్రిల్ మొదట్లో వచ్చిన చేపల పొడి ఒక గ్లాసులో, ఆ నెలాఖర్లో వచ్చింది ఇంకో గ్లాసులో నానబెట్టి, వడగట్టి, నాలుగేసి చుక్కలు వేసింది. మొదటి గ్లాసు పొగమంచు పట్టినట్టయి ఆగింది. వడగట్టిన గుడ్డలో చిటికెడు ఇసుక మిగిలింది. రెండో గ్లాసులో పాలు విరిగినట్టు తెల్లగా ముద్దలు దిగాయి. ఆ ముద్దలన్నీ ఉప్పు పెట్టిన గుర్తులు. బస్తాల మీద మాత్రం ఒకటే ముద్ర, ఒకటే పేరు.

అదీ అక్కడి సంగతి. ఇప్పుడు వాళ్లిద్దరూ పామర్రు బస్సులో ఉన్నారు.

ఎలిజబెత్‌కి కిటికీ పక్క సీటు దొరికింది. నిజానికి ఆమె భయపడాల్సిన రోజు. సంజీవరావు చొక్కా జేబులో తిరుపతిరావు గారు గుమాస్తా చేత రాయించి ఇచ్చిన కాగితం ఉంది. ‘మేతలో లోపము లేదు, పెంపకములో లోపమని స్వయముగా చూచి తెలిసికొంటిని’ అని రెండు వరుసలు, కింద సంజీవరావు సంతకానికీ రైతు సంతకానికీ జాగా. “రెండు సంతకాలతో వస్తే సోమవారం పన్లోకి రా. లేదంటే ఆ గోడ మీద కాగితం కూడా పీక్కుని పో,” అన్నారు తిరుపతిరావు గారు. అతను ఆ జేబుని మాటిమాటికీ తడుముకుంటున్నాడు.

అయినా కిటికీ పక్క సీటు కిటికీ పక్క సీటే. కంకిపాడు దాటాక గాలి వేడెక్కి, కోసేసిన పొలాల మీద ఎండ నీళ్లలా కదలడం మొదలెట్టింది. రోడ్డు పక్కన కాలవ ఎండిపోయి, అడుగు మట్టి పలకలుగా పగిలి, అక్కడక్కడా మిగిలిన మడుగుల్లో గేదెలు కళ్లు మూసుకుని పడుకున్నాయి. కాలవలు కట్టేసి నెలయింది. చూస్తూ చూస్తూ ఉంటే ఎలిజబెత్‌కి అంతా నీళ్ల అడుగునుంచి కనపడుతున్నట్టు అనిపించింది. తాను, అతను, బస్సు, ముందు సీట్లో ముసలాయన తలపాగా, అన్నీ ఏదో పెద్ద గాజు గ్లాసులో మెల్లిగా తేలుతున్నట్టు.

ఉయ్యూరులో బస్సు ఆగితే అతను దిగి తాటాకు దొన్నెలో ముంజలు తెచ్చాడు. ఆమె బొటనవేలితో పొడుచుకుని తినబోతే నీళ్లు ఎగిరి అతని బుగ్గ మీద పడ్డాయి.

“బీఎస్సీ గారూ, కాస్త చూసుకుని పరీక్షించండి,” అన్నాడతను. పొద్దుటినుంచి అతని నోట వచ్చిన మొదటి పరాచికం అది. ఆమె దాన్ని ముంజతో పాటు మింగేసి దాచుకుంది.

ఆమె చేతులకి పోయినవారం మళ్లీ పెట్టుకున్న గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంది. ఆ ఎరుపులో నల్ల సీసాలోని మందుచుక్కలు పడ్డచోట నల్లమచ్చలు. అవీ పండినట్టే ఉన్నాయి.

“ఏవండీ, తవుడు కూడా అంతే కదూ?” అంది వేళ్లు నాకుతూ. “ఒక మిల్లు తవుట్లో ఊక ఎక్కువుంటుంది, ఇంకో మిల్లుది మెత్తగా ఉంటుంది. గుల్లలు కొల్లేరువి వేరు, సముద్రానివి వేరు. మీ గోడ మీద కాగితంలో మాత్రం ‘తవుడు’, ‘గుల్ల పొడి’ అని ఒక్కో మాటే.”

“ఇంక ప్రతి బస్తాకీ ఓ జాతకం రాయించాలంటావా?”

“రాయిస్తే ఎంత బావుంటుంది! ఏ ఊరు, ఏ నెల, వానలో తడిసిందా, ఇసకలో ఎండిందా…”

అతను నవ్వలేదు. ఆమె మాట మధ్యలో ఆపి, సంచిలోంచి అత్తగారి ఉత్తరం తీసింది. హనుమాన్ జంక్షన్ దగ్గర ఊళ్లో ఉంటారు అత్తగారు సువార్తమ్మ గారూ, మామగారు ఇశ్రాయేలు గారూ. పొద్దున బయల్దేరుతుంటే పోస్ట్‌మాన్ ఇచ్చిన ఇన్లాండ్ కవరది. ‘చిరంజీవి సౌభాగ్యవతి ఎలిజబెత్‌కు మీ అత్తయ్య దీవించి వ్రాయునది. నీకని మాగాయ పెట్టి జాడీ వేరుగా దాచాను. మా వాడు ముందే కనిపెడితే మిగల్చడు…’ అంతవరకు చదివి, నవ్వుకుని, మడిచేసింది. ఇష్టమైనదాన్ని సగం దాచుకోవడం ఆమెకి చిన్నప్పటి అలవాటు. మిగతా సగం తిరుగు ప్రయాణానికి.

*

రామకోటేశ్వరరావు గారి కోళ్లషెడ్డు పామర్రు దాటాక గుడివాడ రోడ్డు మీద, ఇంటిని ఆనుకునే ఉంది. తాటాకు కప్పు, చుట్టూ వల. ఆ ఊళ్లో వరి తప్ప ఇంకోటి ముట్టుకోని కాలంలో మొదట కోళ్లు తెచ్చిన మనిషి ఆయన. యాభై దాటిన వయసు. భుజాన తువ్వాలు, చేతిలో వెదురుబుట్ట. బుట్టలో ఆ పొద్దు చచ్చిపోయిన పిల్లలు.

“రావయ్యా దాణా డాక్టరూ,” అన్నాడు. “ఎవరీ అమ్మాయి?”

“మా ఆవిడండీ. ఎలిజబెత్.”

“ఓహో! పోస్ట్‌మార్టంకి కుటుంబ సమేతంగా వచ్చావే.” బుట్ట అతని కాళ్ల దగ్గర పెట్టాడు. “ఇరవై ఆరు. ఇయ్యాల్టివి మాత్రమే. ఎనిమిది వందలు దింపితే ఆరొందల చిల్లర మిగిలాయి. మీ షావుకారు నిన్న కబురంపాడు, పెంపకంలో లోపం అంట. ముప్పయ్యేళ్లు సేద్యం చేసినోణ్ణి నేను. పిట్టంత పిల్లకి గింజలూ నీళ్లూ పెట్టడం తెలీదంట నాకు!”

సంజీవరావు వల తలుపు తీసుకుని లోపలికి వంగాడు. వెనకే ఎలిజబెత్.

లోపల మూడు వారాల తెల్ల లెగ్‌హార్న్ పిల్లలు. వాటి కిచకిచ పైకప్పు మీద వాన కురుస్తున్నట్టుంది. ఒక్కటీ నిలకడగా లేదు. నీళ్ల డబ్బాల చుట్టూ ఒకదాని మీద ఒకటి ఎక్కి తాగుతున్నాయి, తల పైకెత్తి మింగుతున్నాయి, మళ్లీ వంచుతున్నాయి. కింద పరిచిన ఊక తడిసి ముద్దయి వాసన కొడుతోంది. ఓ మూల నాలుగైదు వెల్లకిలా పడి కాళ్లు గాల్లో తొక్కుతున్నాయి. సంజీవరావు ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. పొట్ట నీటితిత్తిలా ఉబ్బింది. అది అతని బొటనవేలి మీద తల వాల్చింది.

“నీళ్లు ఎక్కడివండీ?” అనడిగాడు.

“బోరువి. కాలవ కట్టేశాక ఇంకెక్కడివి? ఉప్పదనమే, కాదన్ను. పోయినేడూ అవే తాగాయి, ఒక్కటి చావలేదు. మారింది ఒక్క మేతేనయ్యా, చెప్పు మరి. నా మొహం చూసి చెప్పు, నీ మేత మంచిదేనా?”

సంజీవరావు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర్నుంచి గాజుల చప్పుడైంది.

“ఆ అరుపులేంటి, ఎండన పడొచ్చినవాళ్ల మీద! ముందు ఇది తాగండి బాబూ. నువ్వు ఇలా నీడకి రా అమ్మాయ్.”

రావమ్మ గారు. ఆయన భార్య. పొట్టిగా, చెమటతో మెరుస్తున్న నుదురుతో, చేతిలో పళ్లెం, పళ్లెంలో రెండు పొడుగాటి గ్లాసులు. అల్లం, నిమ్మాకు నలిపి వేసిన మజ్జిగ. ఆ వాసనకే ఎలిజబెత్‌కి ప్రాణం లేచొచ్చింది. వసారాలో పీట మీద కూచుని రెండు చేతులా గ్లాసు పట్టుకుంది.

“ఈ నల్లమచ్చలేంటే తల్లీ, పండిన చేతుల్లో?”

“మందు పడిందండీ పిన్నిగారూ. పోతాయి మెల్లిగా.”

“ఉప్పు సరిపోయిందా?”

“సరిగ్గా సరిపోయిందండీ,” అంది ఎలిజబెత్ కళ్లు మూసుకుని. చల్లగా గొంతులోంచి దిగుతుంటే లోకంలో ఇంతకు మించిన సుఖం ఉందా అనిపించింది.

“వాటిక్కూడా బాగా పట్టింది,” అంది రావమ్మ గారు షెడ్డు వైపు గడ్డం ఎత్తి, తృప్తిగా. “పొద్దుట్నించి రెండు కుండలు తాగేశాయి.”

ఎలిజబెత్ కళ్లు తెరిచింది.

“వాటికి మజ్జిగ పోస్తున్నారా పిన్నిగారూ?”

“పొయ్యనా మరి? నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నాయి. ఎన్ని నీళ్లు పోసినా దాహమే. వడగొట్టినవాడికి ఏమిస్తాం? ఉప్పేసిన మజ్జిగేగా! దోసెడుప్పు వేసి, చిలికి, పల్చగా చేసి పోస్తున్నా. పది రోజులైంది. మొదట్లో ఒక్క కుండే పోసేదాన్ని. చావటం ఎక్కువయ్యాక రెండో కుండ కూడా పెట్టా.”

గ్లాసు ఎలిజబెత్ పెదవుల దగ్గరే ఆగిపోయింది. షెడ్డులో కిచకిచ దూరం జరిగి, ఎక్కడో సముద్రం హోరులా వినపడింది. సముద్రమే కదా ఇదంతా, అనుకుంది. లారీ డ్రైవరు చెప్పినట్టు ఎక్కడో ఒడ్డున పట్టిన వాన, ఇసకలో ఎండాల్సిన చేపని ఉప్పులో ఊరేసిన చేతులు, గోడ మీద ముత్యాల్లాంటి అక్షరాల్లో అరకిలో, భూమి అడుగునుంచి బోరు తోడిన ఉప్పు, చివర ఈ చల్లటి చేతుల్లోంచి దోసెడు. అందరూ మంచే చేశారు. అన్నీ వచ్చి ఇంత లేని ఆ గొంతుల్లో పడ్డాయి.

“ఏంటమ్మాయ్, మజ్జిగకేమొచ్చింది?” రామకోటేశ్వరరావు గారి గొంతు.

ఎలిజబెత్ చెప్పక తప్పలేదు. “కోడిపిల్లలు ఉప్పుకి తట్టుకోలేవండీ. ఎక్కువైతే దాహం, ఆ దాహానికి ఇంకా నీళ్లు, తర్వాత కాళ్లు పడిపోతాయి…”

ఆయన మెల్లిగా భార్య వైపు తిరిగాడు.

“రావమ్మా. నువ్వా?”

ఆవిడ గడప మీద కూలబడింది. తన రెండు చేతులూ ముందుకు చాపి, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంది. “నేనా? వాటిని నేనా చంపుకున్నాను? పక్కన కూచుని, ఒక్కోదాని ముక్కు ముంచి మరీ తాగించానే…”

“ఊరంతా తిరిగి మేతని తిట్టాను! విజయవాడ దాకా కబురంపాను! నా కొంపలోనే…”

ఎలిజబెత్ భర్త వైపు చూసింది. అతని చెయ్యి జేబు మీద ఉంది. ఆ ఒక్క క్షణం, ఎవరికీ చెప్పుకోలేని క్షణం, ఆమె మనసులో ఒక ఆశ తళుక్కుమంది. ఇప్పుడు అతను ఏమీ అనక్కర్లేదు. ఊరుకుంటే చాలు. కాగితం తీసి ఇస్తే ఆ పెద్దమనిషి సిగ్గుతోనే సంతకం పెట్టేస్తాడు. సోమవారం పనిలోకి వెళ్లొచ్చు. ఒంటిగది, నాలుగు గ్లాసులు, సాయంత్రాలు మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు, అన్నీ అలాగే ఉంటాయి.

సంజీవరావు చేతిలో పిల్ల ఇంకా ఉంది. దాన్ని జాగ్రత్తగా పొడి ఊక మీద దించాడు.

“ఆగండి బాబాయిగారూ. పిన్నిగారిని అనకండి. ముందు తప్పు నాది.”

“ఏంటి?”

“పోయిన నెల మధ్యలో బందరు వైపు నాలుగు రోజులు వాన పట్టిందంట. లారీ డ్రైవరు చెప్పాడు. చేప ఎండక కుళ్లిపోతుందని ఉప్పులో ఊరేశారు. ఆ చేపే పొడై మా కొట్టుకొచ్చింది. నేను బస్తా మీద పేరు చూశాను గానీ లోపలేముందో చూళ్లేదు. అలవాటు ప్రకారం అరకిలో ఉప్పు కూడా పైన వేయించాను. వాటికి దాహం పుట్టించింది నేనండీ. పిన్నిగారు ఆ దాహం చూళ్లేక మజ్జిగ పోశారు.”

ఎలిజబెత్‌కి గుండె బరువెక్కింది, వెంటనే తేలికయింది కూడా. ఒక్క క్షణం కింద తాను కోరుకున్నది తల్చుకుని చెవులు వేడెక్కాయి. లేచి సంచి విప్పింది. అతని చేతి రుమాలులో చుట్టిన గ్లాసులు తీసి పీట మీద వరసగా పెట్టింది.

“బాబాయిగారూ, మా ఆయన మాట నమ్మక్కర్లేదు. మీరే చూడండి.”

మొదటి గ్లాసులో సీసాలోని డిస్టిల్డ్ వాటర్. రెండోదానిలో బోరునీళ్లు. మూడోదానిలో షెడ్డులోని మేత నానేసి, పాత గుడ్డలో వడగట్టిన నీళ్లు. నల్ల సీసా వంచింది. అడుగున ఇక కొద్ది చుక్కలే ఉన్నాయి. మొదటిది కదల్లేదు, తేటగా ఉండిపోయింది. రెండోదానిలో తెల్లటి పొగ సుడి తిరిగింది. మూడోదానిలో చుక్క పడీ పడకముందే మబ్బు పుట్టింది, ముద్ద కట్టింది, వంకర్లు తిరుగుతూ అడుగుకి దిగింది.

రావమ్మ గారు ఏడుపు మర్చిపోయి ముందుకు వంగింది. “మజ్జిగే అయిపోయిందే తల్లీ!”

రామకోటేశ్వరరావు గారు మూడో గ్లాసు ఎత్తి ఎండకి పట్టి చాలాసేపు చూశాడు. ఆ తెలుపు నీడ ఆయన మొహం మీద ఆడింది.

“ఈ మాట మీ షావుకారు ముందంటావా?” అన్నాడు చివరికి.

“అంటానండీ.”

“రాసిస్తావా?”

సంజీవరావు జేబులోంచి కాగితం తీశాడు. విప్పాడు. ఆ రెండు వరసలు రామకోటేశ్వరరావు గారికి కనపడేలాగే పట్టుకుని, దాన్ని వెనక్కి తిప్పాడు. ఎలిజబెత్ తన పెన్ను అందించింది. మోకాలి మీద సంచి పెట్టుకుని, సంచి మీద కాగితం పెట్టుకుని అతను రాశాడు. చేపల పొడిలో ఉప్పు ఉన్నదని, చూడకుండా కలిపించినది తానేనని, ఈ సరుకు ఇంకెవరికీ అమ్మరాదని. పెళ్లికి ముందు ఉత్తరాల్లో ఆమె మళ్లీ మళ్లీ చదువుకున్న అక్షరాలే అవి. ‘ర’లు గుండ్రంగా, ‘ష’లు కొంచెం గర్వంగా. ఉద్యోగం పోగొట్టే కాగితం ఇంత అందంగా రాసేవాడు ఇంకెవరుంటారు అనుకుంది.

రామకోటేశ్వరరావు గారు అది తీసుకుని, ముందువైపూ వెనకవైపూ చదివి, మడిచి బొడ్లో దోపుకున్నాడు.

“ఇది నా దగ్గరుంటుంది. సోమవారం నేనే వస్తా మీ కొట్టుకి. అప్పుడు చూద్దాం ఎవరెవర్ని పొమ్మంటారో.” గొంతులో కరుకు పోలేదు గానీ, కింది బుట్టని కాలితో పక్కకి జరిపాడు. “సరే, ఇప్పుడేం చెయ్యాలి?”

“ఈ మేత ఎత్తేయించండి. రెండు రోజులు ఉత్త నూకలే. ఉప్పులేని మంచినీళ్లు. అదీ ఒక్కసారిగా కాదు, గంటకి కాస్త చొప్పున.”

“మంచినీళ్లా!” ఆయన నవ్వాడు. “కాలవొచ్చేదాకా ఇంట్లో ఉన్నది మూడు గంగాళాలు. మనుషులకే గ్లాసు కొలిచి పోస్తోంది మా ఆవిడ.”

రావమ్మ గారు అప్పటికే లోపలికి వెళ్లిపోయింది. తిరిగొచ్చినప్పుడు చంకలో ఇత్తడి బిందె. చిల్లగింజ అరగదీసి తేర్చిన నీళ్లు, అడుగున బిందె కుట్టు కూడా కనపడుతోంది. లోపల గంగాళంలో ఆవిడ గిన్నె ముంచిన చప్పుడు ఇంకా తిరుగుతున్నట్టే ఉంది.

“ఏమే, మరి మనం తాగేదేంటి?”

“మజ్జిగ తాగండి,” అంది ఆవిడ, ముక్కు కొంగుతో తుడుచుకుంటూ. “ఉప్పేసి ఇస్తా.”

ముందు ఎలిజబెత్‌కి నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయింది. తర్వాత సంజీవరావుకి. చివరికి రామకోటేశ్వరరావు గారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగాడు.

నలుగురూ కలిసి డబ్బాలు కడిగారు, తడి ఊక ఎత్తారు, పొడి ఊక పరిచారు. రావమ్మ గారు గొంతుక్కూచుని తన చేత్తోనే నీళ్లు పోసింది. పిల్లలు మూగాయి, తాగాయి, తలలెత్తాయి. ఆ ఎత్తిన తలల మీద తాటాకుల సందుల్లోంచి ఎండ నాణేల్లా పడుతుంటే, ఆరొందల గొంతులూ ఒకేసారి దేవుడికి ఏదో చెప్పుకుంటున్నట్టు కనపడింది ఎలిజబెత్‌కి. సాయంత్రం అయ్యేసరికి ఇంకో మూడు పోయాయి. మిగిలినవాటిలో కొన్ని గూడు కట్టుకున్నట్టు ఒకదానికొకటి ఆనుకుని కూచున్నాయి. అరుపు తగ్గింది. సంజీవరావు పొద్దున అరచేతిలోకి తీసుకున్న పిల్ల, ముక్కు రెక్కలో దూర్చుకుని నిద్రపోతోంది. అదో కాదో మరి, అదేనని అతనన్నాడు, ఆమె నమ్మింది.

*

పామర్రు సెంటర్లో పొద్దు వాలుతోంది. విజయవాడ బస్సు ఇంకా రాలేదు. సోడాబండి పక్కన రాతి మీద ఇద్దరూ భుజం భుజం ఆనించి కూచున్నారు. గోళీసోడా ఒకటే కొని మార్చి మార్చి తాగారు.

“ఉద్యోగం పోతే ఏం చేద్దాం?” అన్నాడు సంజీవరావు, సీసాలో గోళీ కదిలిస్తూ.

“బస్తాలకి జాతకాలు రాద్దాం,” అంది ఆమె. “మీరు రాయండి, నేను చుక్కలు వేస్తాను.”

ఈసారి అతను నవ్వాడు. ఆ నవ్వుతో పాటు చదువుకుందామని ఆమె ఉత్తరం తీసింది. దాచుకున్న సగం. మడత విప్పింది.

‘…ఇక్కడ ఎండలు మండిపోవుచున్నవి. అన్నట్టు అబ్బాయికి చెప్పకుండా వాళ్ల కొట్టు నుంచే తెప్పించుకున్న దాణా బస్తాలు సోమవారం చేరాయని చెప్పు. మీ మామయ్య కొత్తగా ఐదువందల కోడిపిల్లలను దింపించారు. మంచం కూడా షెడ్డు దగ్గరే వేసుకుంటున్నారు, నా మొహం చూడటమే మానేశారు. పిల్లలు ఇంత లేవు గానీ ఎన్ని నీళ్లు పోసినా చాలట్లేదమ్మా. డబ్బాల చుట్టూ మూగి తాగుతుంటే చూడ ముచ్చటగా ఉంది…’

ఎలిజబెత్ వేళ్ల కింద కాగితం చప్పుడు చేసింది. ఇంకా ఒక వరస ఉంది. జాగా చాలక అత్తగారు అంచు వెంబడి, నిలువుగా రాసిన వరస. కాగితం తిప్పి పట్టుకుంది.

‘పాపం దాహానికి ఆగలేకపోతున్నాయని రేపటినుంచి…’

తర్వాతి మాటలు అంటించిన అంచు చించినప్పుడు చిరిగిపోయాయి. పైన తేదీ చూసింది. బుధవారం. ఈ రోజు శనివారం.

“ఏం రాసింది అమ్మ?” అన్నాడు సంజీవరావు ఆవలిస్తూ. “మాగాయ సంగతేనా?”

ఆమె లేచి నిలబడి, సోడాబండి అతన్ని అడిగింది. “బాబాయ్, హనుమాన్ జంక్షన్‌కి బస్సెప్పుడు?”

“గుడివాడ మీదుగానా? అదిగో, కదిలిందే, అదేనమ్మా ఆఖరిది. మళ్లీ తెల్లారాకే.”

ఎర్రబస్సు దుమ్ము రేపుకుంటూ మలుపు వైపు తిరుగుతోంది. ఎలిజబెత్ ఉత్తరం పళ్ల మధ్య పట్టుకుని, చెప్పులు రెండూ చేతిలోకి తీసుకుని, కొత్త చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా ఎత్తి పట్టి, నడిరోడ్డు మీద పరుగెత్తింది.